తెరమీద దర్యాప్తు, ఠాణాలో మన మాట

(మహదేవపురలో తెలుగు కుటుంబాల కూటమిలో చేసిన ప్రసంగానికి పాఠం)



ఇటువంటి సభల్లో నేను సాధారణంగా పాఠశాలల గురించి, పాఠ్యపుస్తకాల గురించి, భాషా అల్పసంఖ్యాకుల కమిషనరు నివేదికల గురించి మాట్లాడుతుంటాను. ఈసారి ఒక టీవీ నాటకం గురించి మాట్లాడదలచాను. వకీలుకు టీవీ నాటకాలతో ఏం పని అని మీలో కొందరు నవ్వుతున్నారు. నవ్వండి. అయితే ఒక్క మాట అడుగుతాను. మన ఇళ్లలో పోలీసు ఠాణాను లోపలినుంచి చూసినవారు ఎందరున్నారు? మనకు తెలిసిన ఠాణా చాలావరకు తెరమీద చూసినదే. ఈటీవీలో 'నేరాలు ఘోరాలు' చూసిన తరం మనది. మన పిల్లలు ఇప్పుడు అవే సంగతులను ఫోన్లలో, పెద్ద హంగులతో చూస్తున్నారు. దర్యాప్తు అంటే ఇలా ఉంటుందని ఒక బొమ్మ మన మనసుల్లో ముద్రపడిపోయింది. ఆ బొమ్మలో ఏముంది, ఏం లేదు అన్నదే నా విషయం.

నేను ఎంచుకున్నది 'ఢిల్లీ క్రైమ్' అనే ధారావాహిక. 2019 మార్చిలో నెట్‌ఫ్లిక్స్‌లో వచ్చింది. రచన, దర్శకత్వం రిచీ మెహతా. మొదటి భాగం ఏడు అంకాలు. 2020 నవంబరులో అంతర్జాతీయ ఎమ్మీ పురస్కారాల్లో ఉత్తమ నాటక ధారావాహికగా గెలిచింది. భారతదేశపు ధారావాహికకు ఆ గౌరవం దక్కడం అదే మొదటిసారి. 2012 డిసెంబరు 16 రాత్రి ఢిల్లీలో నడుస్తున్న బస్సులో ఒక యువతిపై జరిగిన దాష్టీకం, ఆ తర్వాత కొద్ది రోజుల్లోనే ఆరుగురు నిందితులనూ పోలీసులు పట్టుకోవడం, ఇదీ కథ. షెఫాలీ షా పోషించిన డీసీపీ వర్తికా చతుర్వేది పాత్ర నిజమైన ఒక అధికారిణి నీడలో పుట్టింది.

బాగుందా అంటే బాగుంది. ఠాణాలో డబ్బు కరువు, బండ్ల కరువు, మనుషుల కరువు దాచకుండా చూపారు. అత్యాచార దృశ్యాన్ని తెరకెక్కించకుండా సంయమనం పాటించారు. మన సినిమాలు నేర్చుకోవలసిన మర్యాద అది. పోలీసుల కళ్లతోనే కథ నడిపి వారిని వెనకేసుకొచ్చారన్న విమర్శ కూడా వచ్చింది. అందులో నిజం లేకపోలేదు. ఒక నిందితుడు తాను చేసినదంతా పశ్చాత్తాపం లేకుండా పూసగుచ్చినట్టు చెప్పే సన్నివేశం ఒకటుంది. చూసినవారెవరూ మరచిపోలేరు. అయితే పోలీసు ముందు ఒప్పుకున్న ఒప్పుకోలు మన కోర్టులో సాక్ష్యంగా చెల్లదు. పాత సాక్ష్యచట్టంలోనూ చెల్లలేదు, 2024 జూలై 1నుంచి అమలైన కొత్త చట్టంలోనూ చెల్లదు. ఆ సన్నివేశం చూసి 'ఇక కేసు అయిపోయింది' అనుకున్న ప్రేక్షకుడికి నిజమైన కేసు ఇంకా మొదలే కాలేదని తెలియదు.

నిజమైన కేసులో నిలిచినదేమిటి? బస్సు మీద రాసి ఉన్న పేరు, హోటల్ కెమెరాలో పడిన ఆ బస్సు, డీఎన్‌ఏ, వీటన్నిటితోపాటు ఆ బిడ్డ సొంత మాట. మరణవాంగ్మూలం మూడుసార్లు తీసుకున్నారు. మొదటిది వైద్యురాలి ముందు, రెండవది సబ్‌డివిజనల్ మేజిస్ట్రేటు ముందు, మూడవది డిసెంబరు 25న మెట్రోపాలిటన్ మేజిస్ట్రేటు ముందు. మూడవసారి ఆమెకు మాట్లాడే స్థితి లేదు. ప్రశ్నకు సైగలతో, కాగితం మీద రాతతో జవాబిచ్చింది. డిసెంబరు 29న సింగపూరులో ఆమె కన్నుమూసింది. 2017 మే 5న తీర్పు చెబుతూ సుప్రీంకోర్టు ఆ సైగల వాంగ్మూలాన్ని కూడా నమ్మదగినదిగా స్వీకరించింది.

ఇది నా మనసులో నాటుకుపోయింది. నోట మాట రాని బిడ్డ సైగను కూడా యథాతథంగా పట్టుకోవడానికి న్యాయవ్యవస్థ అంత శ్రద్ధ తీసుకోగలిగింది. మరి నోరారా మాట్లాడే తెలుగు మనిషి మాటను మన సరిహద్దు పట్టణాల్లో ఎలా పట్టుకుంటున్నారు? ఢిల్లీ నాటకంలో ఈ ప్రశ్నే రాదు. అడిగేవారిదీ హిందీయే, చెప్పేవారిదీ హిందీయే. ఒక బృందం రాజస్థాన్ వెళ్తుంది, ఇంకొకటి బీహారు వెళ్తుంది, అక్కడా మాటకు కొదవ లేదు. భాష అనేది దర్యాప్తులో ఒక భాగమని ఆ కథ రాసినవారికి తట్టవలసిన అవసరమే కలగలేదు. మనకు తట్టాలి.

మన ఊరి కేసు ఒకటి చూడండి. 2013 నవంబరు 19 ఉదయం బెంగళూరు కార్పొరేషన్ సర్కిల్ దగ్గర ఏటీఎం గదిలోకి ఒక మహిళ వెళ్లింది. వెనకే ఒకడు వచ్చి షట్టరు దించి వేటకొడవలితో నరికాడు. కెమెరాలో పడిన ఆ దృశ్యాన్ని ఛానళ్లు ఎన్నిసార్లు తిప్పి తిప్పి చూపించాయో మీకు తెలుసు. ఇప్పటికీ కొందరు ఆడవాళ్లు ఏటీఎంలోకి ఒంటరిగా అడుగుపెట్టరు. ఆమె రక్తపు మడుగులో గంటల తరబడి పడి ఉండి కూడా బతికింది, కోలుకుంది. నిందితుడు ఎవడో, ఏ ఊరివాడో ఆనాడు తెలియదు. దోచుకున్న ఫోను మాత్రం హిందూపురంలో తేలింది. బెంగళూరు పోలీసులు పెన్న దాటి అనంతపురం పల్లెల్లో తిరిగారు. ధర్మవరంలో జరిగిన ఒక మహిళ హత్యతో ఇది ముడిపడింది. చివరకు 2017 ఫిబ్రవరిలో మదనపల్లెలో వాడు దొరికాడు. చిత్తూరు జిల్లావాడు, 2011లో కడపలో జీవితఖైదు నుంచి తప్పించుకున్నవాడు. 2021 ఫిబ్రవరిలో బెంగళూరు కోర్టు పదేళ్ల కఠిన కారాగారశిక్ష విధించింది.

ఇందులో ఒక టీవీ నాటకానికి కావలసినదంతా ఉంది. మూడేళ్లకు పైగా వేట, రెండు పోలీసు శాఖలు, రెండు లిపులు. మూడేళ్లు పట్టడానికి భాషే కారణమని నేను అనను, అనడానికి నా దగ్గర ఆధారం లేదు. నేననేది వేరు. నేరం బెంగళూరులో, ఫోను హిందూపురంలో, దొరకడం మదనపల్లెలో. పాత మద్రాసు రోడ్డు కృష్ణరాజపురం దాటి హొసకోటె, కోలారు, ముళబాగిలు మీదుగా పలమనేరుకు చేరినంత సులువుగా నేరం కూడా ప్రయాణిస్తుంది. దొంగకు సరిహద్దు అడ్డు రాదు. బాధితుడి మాటకు, సాక్షి మాటకు వస్తుంది. (నిందితుడు తెలుగువాడని తేలిన రోజుల్లో, అద్దె ఇంటికోసం తిరుగుతున్న ఒక తెలుగు కుర్రవాడు 'మీ ఊరు ఏది' అన్న ప్రశ్నకు జవాబు చెప్పడానికి జంకానని నాతో అన్నాడు. ఒక మనిషి చేసిన నేరాన్ని ఒక నుడికి, ఒక ఊరికి అంటగట్టడం ఎంత తేలికో దండుపాళ్య గ్రామంవారిని అడిగితే చెబుతారు. ఆ ముఠాపై 2012లో సినిమా వచ్చాక ఒక పల్లె పేరే తిట్టుగా మారింది.)

ఇప్పుడు నేను చూసిన ఒక కేసు. పేర్లు, ఠాణా, కోర్టు చెప్పను. కొత్త చట్టం రాకముందు సంగతి. కదిరి వైపునుంచి వచ్చిన ఒక యువతి, ఈ ప్రాంతంలోనే కట్టడం పనుల దగ్గర రేకుల గుడిసెలో ఉండేది. కూలి బాకీ విషయంలో మాటామాటా పెరిగి ఒక మేస్త్రి ఇనుప కడ్డీతో ఆమె తల పగలగొట్టాడు. అప్పుడు గుడిసెలో ఉన్నది వాళ్ల అవ్వ ఒక్కతే. ఆసుపత్రిలో పోలీసు వచ్చి అడిగితే ఆమె ఉన్నది ఉన్నట్టు చెప్పింది: 'మా అవ్వ చూసింది.'

మనకు రాయలసీమలో అవ్వ అంటే ఎవరు? అమ్మమ్మ, లేదా నాన్నమ్మ. కన్నడంలో అవ్వ అంటే తల్లి. రాసుకున్న మనిషి మంచివాడే, తెలుగు కొంత తెలిసినవాడే. అతడు కన్నడంలో 'తాయి' అని రాశాడు. సాక్షుల పట్టికలో తల్లి పేరు చేరింది. రెండేళ్ల తర్వాత విచారణ. తల్లి బోనెక్కి, 'ఆ పొద్దు నేను ఊర్లో ఉంటిని' అన్నది. నిజమే చెప్పింది. ముద్దాయి తరపు న్యాయవాది లేచాడు. బిడ్డను అడిగాడు: 'నీ తల్లి చూసిందని పోలీసులకు చెప్పావు, నీ తల్లేమో అక్కడ లేనంటోంది. అప్పుడు అబద్ధం చెప్పావా, ఇప్పుడు చెబుతున్నావా?' ఆమెకు ప్రశ్నే అర్థం కాలేదు. 'అవ్వ చూసింది' అని మళ్లీ అన్నది. మళ్లీ 'తాయి' అయింది.

నేను బాధితురాలి పక్షాన ప్రభుత్వ న్యాయవాదికి సాయంగా ఉన్నాను. లేచి, ఆమె పలికిన మాటను తెలుగులోనే రికార్డు చేసి పక్కన అనువాదం రాయించమని కోరాను. కోర్టుభాష తెలియని సాక్షి విషయంలో ఆచరణసాధ్యమైనంతవరకు అలా చేయవచ్చని చట్టంలోనే ఉంది; పాత నేర ప్రక్రియా స్మృతిలో 277వ సెక్షను, నేటి భారతీయ నాగరిక సురక్షా సంహితలో 312. న్యాయమూర్తి ఒప్పుకున్నారు. దుభాషి వచ్చాక రెండు నిమిషాల్లో చిక్కు వీడింది. వెంటనే ఆ అవ్వను సాక్షిగా పిలవమని దరఖాస్తు పెట్టాం, మంజూరైంది. సమను తీసుకొని ఊరికి వెళ్తే ఆమె చనిపోయి రెండు నెలలైందని తెలిసింది. కళ్లారా చూసిన సాక్షి ఒకే ఒక్కతె, ఆమెను ఎవరూ ఒక్క ప్రశ్న కూడా అడగకుండానే వెళ్లిపోయింది. వైద్యుని సాక్ష్యం బలంగా ఉండబట్టి గాయపరచిన నేరం నిలిచింది. హత్యాయత్నం నిలవలేదు.

ఎవరిని తప్పుపట్టాలి? రాసుకున్న ఉద్యోగి మీద నాకు కోపం లేదు. కన్నడం మనకు పరాయిది కాదు, మన పిల్లలు చదువుకుంటున్న భాష, మనకు అన్నం పెడుతున్న నేల భాష. రెండు నుడులూ అక్కచెల్లెళ్లు కాబట్టే ఈ ప్రమాదం. రాసుకునేది హిందీ మనిషి మాట అయి ఉంటే ఆ ఉద్యోగి ఆగి, ఎవరినైనా అడిగి ఉండేవాడు. తెలుగు కాబట్టి తనకు అర్థమైందనుకున్నాడు.

చట్టం ఏం చెబుతుందో చూద్దాం. ఇక్కడొక విచిత్రం ఉంది. అరెస్టయిన మనిషి భాషకు మన న్యాయస్థానాలు గట్టి రక్షణ ఇచ్చాయి. 1962లోనే, హరికిషన్ అనే హిందీ మాత్రమే తెలిసిన వ్యక్తికి నిర్బంధ కారణాలను ఇంగ్లీషులో ఇస్తే, ఆ నిర్బంధం చెల్లదని సుప్రీంకోర్టు చెప్పింది. 2025 నవంబరు 6న మహారాష్ట్ర కేసు ఒకదానిలో మరింత ముందుకు వెళ్లింది: ఏ నేరంలో అరెస్టు చేసినా కారణాలను రాతపూర్వకంగా, ఆ మనిషికి అర్థమయ్యే భాషలో ఇవ్వాలి, వెంటనే ఇవ్వలేని స్థితి ఉంటే మేజిస్ట్రేటు ముందుకు తీసుకుపోవడానికి కనీసం రెండు గంటల ముందైనా ఇవ్వాలి. చాలా మంచి తీర్పు. అరెస్టయ్యేవారిలో మనవారూ ఉంటారు, ఉత్తపుణ్యానికి అరెస్టయ్యేవారూ ఉంటారు. 2014 జూలైలో మన మారతహళ్లి బడిలో పసిబిడ్డపై అత్యాచారం జరిగిందన్న కేసు మీకు గుర్తుండే ఉంటుంది. జనం రోడ్లమీదికి వచ్చారు. పోలీసులు మొదట ఒకరిని అరెస్టు చేసి, కొద్దిరోజులకే అసలు నిందితులు వేరని మరో ఇద్దరిని పట్టుకున్నారు.

మరి ఫిర్యాది భాష సంగతి? 2012 ఢిల్లీ ఘోరం తర్వాత జస్టిస్ వర్మ కమిటీ వేశారు, 2013లో చట్టం మార్చారు. అత్యాచారం వంటి కేసుల్లో మహిళ ఫిర్యాదును మహిళా పోలీసే రాసుకోవాలన్నారు. ఆ ఫిర్యాదును నమోదు చేయని ఉద్యోగికి శిక్ష పెట్టారు. వైకల్యం ఉన్న బాధితురాలికి దుభాషిని ఏర్పాటు చేయాలన్నారు. ఎంతో మేలైన మార్పులు. కానీ గమనించండి: వినలేని, మాట్లాడలేని మనిషికి దుభాషి కావాలని తట్టినవారికి, చక్కగా మాట్లాడుతున్నా ఎదుటివాడికి అర్థంకాని మనిషికి దుభాషి కావాలని తట్టలేదు. కొత్త సంహిత 173వ సెక్షను ప్రకారం నోటితో చెప్పిన ఫిర్యాదును రాసుకోవాలి, చదివి వినిపించాలి, సంతకం తీసుకోవాలి, నకలు ఉచితంగా ఇవ్వాలి. చదివి వినిపించాలి సరే, ఏ భాషలో? చట్టం మౌనం. అర్థంకాని భాషలో చదివితే అది వినిపించినట్టా? కాదని నా వాదన. నిందితుడికి అర్థమయ్యే భాష రాజ్యాంగ హక్కు అయినప్పుడు, తల పగిలి ఆసుపత్రి మంచం మీదున్న మనిషికి అది దయాదాక్షిణ్యం ఎలా అవుతుంది? ఫలానా రాష్ట్రంలో వాడుకలో ఉన్న ఏ భాషలోనైనా తన కష్టానికి పరిహారం కోరుతూ విన్నపం ఇచ్చుకోవచ్చని రాజ్యాంగం 350వ అధికరణం చెబుతున్నది. అది కేవలం తాలూకా ఆఫీసు అర్జీలకే పరిమితమని నేను ఒప్పుకోను.

ఇంకొక మాట చెప్పి ముందుకు సాగుతాను. దర్యాప్తు ఎందుకింత సాగదీత, పట్టుకున్నవాడిని కాల్చెయ్యక, అని మనలో చాలామంది అంటుంటారు. 2019 నవంబరులో హైదరాబాదు శంషాబాదు దగ్గర జరిగిన ఘోరం తర్వాత, డిసెంబరు 6న నలుగురు నిందితులను ఎన్‌కౌంటరులో చంపితే పోలీసులమీద పూలు చల్లారు. సుప్రీంకోర్టు వేసిన సిర్పుర్‌కర్ కమిషను 2022లో ఏం తేల్చింది? చంపాలన్న ఉద్దేశంతోనే కాల్చారని, చనిపోయిన నలుగురిలో ముగ్గురు ఘటననాటికి మైనర్లని. ఆ కేసులో విచారణే లేకుండా పోయింది. ఎవరి మాటా కోర్టులో పరీక్షకు నిలవలేదు. 'ఢిల్లీ క్రైమ్'లో వర్తిక తన కోపాన్ని మింగి, ఆధారం మీద ఆధారం పేర్చి, అభియోగపత్రం నిలిచేలా చూస్తుంది. ఆ ఒక్క గుణానికైనా మన యువకులు ఆ నాటకం చూడాలంటాను.

ఇక మనం చేయగలిగినవి. మీలో ఎవరికైనా, మీ ఇంట్లో పనిచేసే మనిషికైనా కష్టం వస్తే, ముందు ఫోనులో 112. నేరం ఏ ఠాణా పరిధిలో జరిగినా మీరు వెళ్లిన ఠాణాలోనే ఫిర్యాదు తీసుకోవాలి. 'మా పరిధి కాదు' అనే జవాబును కొత్త సంహిత ఒప్పదు. వీలైతే ఫిర్యాదును మీ చేత్తో తెలుగులో రాసి, కన్నడ అనువాదంతో కలిపి ఇవ్వండి. అనువాదం తప్పినా అసలు మాట ఫైలులో ఉంటుంది. నోటితో చెబితే, సంతకానికి ముందు తెలుగులో చదివి వినిపించమని అడగండి. ఈ ఒక్క కన్నడ వాక్యం నేర్చుకోండి, పిల్లలకు నేర్పండి: 'దయవిట్టు ఇదన్ను తెలుగినల్లి ఓది హేళి.' మర్యాదగా అడిగితే తెలుగు తెలిసిన కానిస్టేబులు ఒకరైనా ఈ ప్రాంతపు ఠాణాల్లో దొరుకుతారు, నా అనుభవంలో దొరకకపోవడం అరుదు.

ఫిర్యాదు తర్వాత దర్యాప్తు అధికారి రాసుకునే సాక్షి వాంగ్మూలం వేరు. దానిమీద మీ సంతకం ఉండదు, ఉండకూడదు. అంటే అందులో ఏం రాశారో బోనెక్కేదాకా మీకు తెలియకపోవచ్చు. అవ్వ తాయి అయ్యేది ఇక్కడే. అందుకని, ఆ వాంగ్మూలాన్ని వీడియోలో రికార్డు చేయమని కోరండి. అలా చేయవచ్చని చట్టంలో ఉంది, తప్పనిసరి అని మాత్రం లేదు. కాబట్టి రాతపూర్వకంగా కోరండి, కోరినట్టు నకలు ఉంచుకోండి. చుట్టరికాలు చెప్పేటప్పుడు వరస చెప్పి ఊరుకోకండి, పేరు కూడా చెప్పండి. అత్త అంటే ఏ అత్త, మామ అంటే ఏ మామ. మన ఆడవాళ్లలో భర్తనే మామా అని పిలిచేవారున్నారు కదా.

వకీలును పెట్టుకోలేనివారికి ఉచిత న్యాయసేవ ఉంది. మహిళలకు, షెడ్యూల్డు కులాల, తెగల వారికి ఆదాయంతో నిమిత్తం లేదు. జాతీయ న్యాయసేవల నంబరు 15100.

ఇక్కడి ప్రతి ఠాణాలో పనికివచ్చేలా చుట్టరికాలకు, గాయాలకు, ఆయుధాలకు, కాలాలకు తెలుగు కన్నడ మాటల పట్టిక ఒకటి తయారుచేసి పోలీసు కమిషనరుకు ఇవ్వాలని నా ప్రతిపాదన. అవ్వతో మొదలుపెట్టాను, ఇప్పటికి నలభై మాటలయ్యాయి. కోలారు మాట వేరు, పావగడ మాట వేరు, బళ్లారి మాట వేరు. ఈ పని నా ఒక్కడివల్ల కాదు. కాగితం ఆ బల్లమీద పెట్టాను. వెళ్లేముందు మీ ఊరి మాట ఒక్కటైనా అందులో రాసి వెళ్లండి. ఇక మీ ప్రశ్నలు వింటాను.